ఒక లీటరు రైస్ కుక్కర్: డిగ్రీ మొదలు నుంచీ వాడుతున్న అనుభవం

హైదరాబాద్‌లో నల్లకుంట, విద్యానగర్, రాంనగర్ వైపు రూమ్ తీసుకుని చదువుకోవడానికి వచ్చే జూనియర్లు అందరూ అడిగేది ఒకటే. “వంటకి ఏం కొనాలి అన్నా, గ్యాసా, ఇండక్షనా, రైస్ కుక్కరా?” నేను డిగ్రీ మొదటి ఏడాదిలో ఒక లీటరు ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ కొన్నాను. ఇప్పుడు ఫైనల్ ఇయర్. సెలవులకి ఊరెళ్లిన రోజులు తప్పిస్తే రోజుకి ఒక్క పూటైనా దాంట్లో అన్నం వండుకుంటూనే ఉన్నాం. ఇద్దరుండే రూముకి ఇంతకన్నా పనికొచ్చే వస్తువు నాకు కనపడలేదు. అయితే అది అన్నం వండడానికి పుట్టింది. వీడియోల్లో చూపించినట్టు సకల వంటలూ దాంట్లోనే కానిచ్చేద్దాం అనుకుని కొనేవాళ్లకి నెల తిరక్కుండానే విసుగొస్తుంది.

ఎందుకో చెప్పాలంటే అదెలా పనిచేస్తుందో చెప్పాలి. గిన్నె బయటకి తీసి చూడండి. అడుగున వేడెక్కే ప్లేటు మధ్యలో గుండ్రటి బొత్తాం ఒకటి ఉంటుంది, వేలితో నొక్కితే కిందికి దిగి మళ్లీ పైకి వస్తుంది. తెలివంతా అక్కడే ఉంది. దాని లోపల ఒక అయస్కాంతం, ఒక ఫెర్రైట్ (అయస్కాంతానికి అతుక్కునే పదార్థం) ముక్క, ఒక స్ప్రింగు. మనం స్విచ్ కిందికి నొక్కగానే అయస్కాంతం ఫెర్రైట్‌కి అతుక్కుంటుంది, హీటర్ ఆన్ అవుతుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఇచ్చిన వేడంతా నీళ్లు ఆవిరవడానికే సరిపోతుంది కాబట్టి. నీళ్లు ఇంకిపోయాక అడుగు వేడి పెరుగుతుంది. 103 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి ఆ ఫెర్రైట్ అయస్కాంత గుణం పోయి పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు తోసేస్తుంది, టక్కుమని స్విచ్ లేచి ‘వార్మ్’లోకి వెళ్తుంది. టైమర్ లేదు, చిప్ లేదు. ఫిజిక్స్‌లో క్యూరీ ఉష్ణోగ్రత అని చదివి పరీక్షలో రాసి మర్చిపోయే సంగతి, రోజూ రాత్రి మా రూములో అన్నం వండిపెడుతోంది. ఆ పాఠం అయ్యాక రూముకొచ్చి ఆ బొత్తాన్ని నొక్కి చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

అంటే కుక్కర్‌కి తెలిసింది ఒక్కటే, నీళ్లు అయిపోయాయా లేదా అని. దాని మంచీ చెడూ రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

ముందు మంచి. ఎసరు సరిగ్గా పోస్తే అన్నం చెడిపోదు. పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు, విజిల్స్ లెక్కపెట్టక్కర్లేదు, వండటానికి పెట్టి స్నానానికి వెళ్లొచ్చు, రికార్డు రాసుకోవచ్చు. కానీ ఆ ఎసరు ఎంతన్నది కుక్కర్‌తో వచ్చిన కాగితం చెప్పదు, బియ్యం చెప్పాలి. మాది మిర్యాలగూడ వైపు, బియ్యం ఇంటి నుంచే వస్తాయి. పాత సన్నబియ్యం అయితే గ్లాసుకి రెండుంపావు గ్లాసుల నీళ్లు పడతాయి. కొత్త బియ్యానికి ఒకటిన్నర, మహా అయితే ఒకటి ముప్పావు. అంతకి మించి పోస్తే ముద్దే. సంచి మారిన ప్రతిసారీ అమ్మ ఫోన్లో చెప్పే మొదటి మాట, “బియ్యం కొత్తయి బిడ్డా, ఎసరు జర తక్కువ పొయ్యి” అని. యాసంగి బియ్యంలో నూక ఎక్కువ ఉంటుంది, ఎండలకి వడ్లు లోపలే పగిలి మిల్లులో విరిగిపోతాయి. ఆ నూక నీళ్లు తొందరగా పీల్చేసి అన్నాన్ని మెత్తబరుస్తుంది. చేటలో ఓసారి చెరిగి నూక తీసేస్తే, అదే కుక్కర్‌లో అన్నం పొడిపొడిగా వస్తుంది. తీసిన నూక పారేయకండి, దాంతో ఉప్మా బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇంకో సంగతి. బియ్యం వేరే గిన్నెలో కడగండి. కుక్కర్ గిన్నె అడుగు తడిగా ఉన్నా, ప్లేటుకీ గిన్నెకీ మధ్య ఒక్క మెతుకు ఇరుక్కున్నా గిన్నె సరిగా ఆనదు, ఒక పక్క పలుకు, ఒక పక్క మాడు. బాగుచేసేవాళ్ల దగ్గరికి వెళ్లే ముందు గిన్నె ఎత్తి అక్కడ చూడండి. అలాగే స్విచ్ లేవగానే మూత తీయొద్దు. పది నిమిషాలు ఆగితే పైనున్న అన్నం కూడా సమంగా మగ్గుతుంది.

కూర సంగతికొస్తే, హైదరాబాద్‌లో రూము కుర్రాళ్లని బతికిస్తున్నది కర్రీ పాయింట్లే, దాంట్లో అనుమానం లేదు. సాయంత్రం ఏడు దాటాక ఏ గల్లీకి వెళ్లినా స్టీలు గిన్నెల వెనకాల ఒక పెద్దమ్మో అన్నో నిలబడి, గరిటెతో కవర్లోకి పోసి, గాలి పట్టి ఉబ్బించి, ముడేసి ఇస్తారు. పప్పు, సాంబారు, దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి. మా వీధిలో 30–40 రూపాయల ప్యాకెట్ ఇద్దరికి ఒక పూట సరిపోతుంది. అన్నం కూడా అమ్ముతారు గానీ, మేం వెళ్లేసరికి అది మధ్యాహ్నానిదై గట్టిబడి ఉంటుంది. వేడన్నం మన దగ్గర ఉంటే పది రూపాయల సాంబారుతో కూడా భోజనం భోజనంలా ఉంటుంది. హాస్టల్ మెస్‌లో ఉన్న స్నేహితులు రాత్రి తొమ్మిదయితే తలుపులేస్తారన్న టెన్షన్‌తో లైబ్రరీ నుంచి పరిగెత్తుతారు. మాకు ఆ పరుగు లేదు. పరీక్షల రోజుల్లో పదకొండింటికి వచ్చినా వార్మ్‌లో అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది, పక్కన ఆవకాయ సీసా. ఆకలి మీద ఉన్నప్పుడు తిననిచ్చే వస్తువు ఇది, నేను దీన్ని ఇంతలా మెచ్చుకునేది అందుకే.

ఇప్పుడు చేతకానివి. పోపు వేగదు. నూనె వేసి ఆవాలు చిటపటలాడేలోపే స్విచ్ లేచిపోతుంది. నీళ్లు లేని గిన్నె 103 దాటడానికి ఎంతసేపు? స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకుని, అడ్డంగా పుల్ల పెట్టి వేయించేవాళ్లని చూశాను. అలా చేస్తే లోపలున్న థర్మల్ ఫ్యూజ్ కాలిపోతుంది, అది ఉన్నదే అతి వేడి నుంచి కాపాడటానికి. కందిపప్పు నానబెట్టకుండా వేస్తే నురగ పొంగి ప్లేటంతా పాడవుతుంది. పైగా మా రూముల్లో చాలాచోట్ల వచ్చేది బోరు నీళ్లు, ఆ గట్టినీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. నల్లా నీళ్లు పట్టిపెట్టుకుని వాడితే తేడా మీకే తెలుస్తుంది. పెసరపప్పుతో ఈ బాధ లేదు, బియ్యంతో కలిపి వేసి, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి పడేస్తే ఖిచిడీ అయిపోతుంది. గుడ్లు, చిలగడదుంపలు, మొక్కజొన్న కంకులు చక్కగా ఉడుకుతాయి.

నా కుక్కర్ గిన్నె మామూలు అల్యూమినియం. అందుకే చింతపండు, టమాటా, మజ్జిగ లాంటి పులుపువి దాంట్లో నిలవ ఉంచం. పులిహోర కలపాలన్నా అన్నం బేసిన్‌లోకి తీసే కలుపుతాం. మిగిలిన అన్నాన్ని రాత్రంతా వార్మ్‌లో వదిలేస్తే అడుగు ఎండి రంగు మారి వాసనొస్తుంది, కరెంటూ తాగుతూనే ఉంటుంది. ఆపేసి అలాగే మూతపెట్టి ఉంచితే ఎండాకాలంలో తెల్లారేసరికి పాచిపోతుంది. స్టీలు గిన్నెలోకి తీసి నీళ్లు పోసి, కాస్త మజ్జిగ కలిపి పెట్టుకుంటే పొద్దున చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని క్లాసుకి వెళ్తే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు.

కరెంటు గురించి ఓనర్లు చాలా భయపెడతారు. లెక్క చూసుకోండి. నా కుక్కర్ అడుగున 400 వాట్లని రాసి ఉంది. రెండు గ్లాసుల బియ్యానికి అరగంట అటూఇటూ పడుతుంది, అంటే 0.2 యూనిట్. ఒక్క యూనిట్‌తో ఐదుసార్లు అన్నం వండుకోవచ్చు. దీనికి రెండు ఆంపియర్ల లోపే కరెంటు చాలు కాబట్టి పాత ఇళ్లలో ఉండే మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు తట్టుకుంటుంది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఫుల్‌లో పెడితే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆ ప్లగ్గుకి అది మోయలేని భారం. పాత వైరింగ్ రూముల్లో కుక్కరే మేలు అనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. అయినా ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కుక్కర్, ఇస్త్రీపెట్టె కలిపి పెట్టకండి.

ఇన్నాళ్లలో రిపేరు అంటూ వచ్చింది వైరుదే. కుక్కర్‌లోకి దూర్చే చివర వదులై, లోపల నిప్పురవ్వలు వచ్చి, ప్లాస్టిక్ నల్లబడింది. కోఠిలో అదే సైజు వైరు దొరికింది, మార్చాక మళ్లీ ఇబ్బంది లేదు. గిన్నెకి ఒకటి రెండు సొట్టలు పడ్డాయి గానీ అడుగు చదునుగానే ఉంది. అడుగు సొట్టపోతే మాత్రం గిన్నె మార్చాల్సిందే, ప్లేటుకి ఆనకపోతే ఆ బొత్తాం సరిగ్గా పనిచేయదు.

కొనేటప్పుడు పేరు కన్నా మూడు చూడండి: వైరు విడిగా ఊడొచ్చేదా, రెండో గిన్నె ఇస్తున్నారా, మీ వీధి మెకానిక్ దాన్ని విప్పగలడా. డిజిటల్ బటన్లున్న ఖరీదైనవి రూములకి అక్కర్లేదు. సైజు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. లీటరుది ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది, మూడో మనిషి వస్తే రెండుసార్లు వండాలి, ఆశపడి నిండా పోస్తే గంజి పొంగి కిందంతా కారుతుంది. మా తమ్ముడు వచ్చే ఏడాది ఇక్కడికే చదువుకి వస్తున్నాడు, వాళ్లు నలుగురు కలిసి రూము తీసుకుంటారట. నా కుక్కర్ ఇమ్మని అడిగాడు. మీకు ఇది చాలదురా, 1.8 లీటర్లది కొత్తది కొనుక్కోండి, బియ్యం నేను పంపిస్తా అన్నాను.