కొత్తపేట సందులో మందుల షాపు: డిస్కౌంట్ తక్కువే, అయినా నాలుగు స్టార్లు

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య ఇరుక్కున్న చిన్న షాపు. ఆన్‌లైన్‌లో ఇంతకన్నా చవగ్గా వస్తాయి, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

మా అత్తయ్య బాత్రూంలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. డాక్టరుగారు పిండికట్టు వేసి పారాసెటమాల్ 650 రాశారు. అది ఆవిడకి ఆనలేదు. "నా మోకాళ్ల బిళ్లలు తెచ్చిపెట్టవే, గంటలో లాగేస్తాయి" అంటూ పాత స్ట్రిప్పు నా చేతిలో పెట్టారు.

షాపాయన స్ట్రిప్పు వెనక్కి తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి సన్నక్షరాలు చదివారు. ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325. "ఇందులోనూ పారాసెటమాల్ ఉందమ్మా, డోసు మీద డోసు పడుతుంది. పైగా ఎసిక్లోఫెనాక్ వాపు తగ్గించే మందు, ఎముక విరిగిన కొత్తలో అలాంటి బిళ్ల డాక్టర్ని అడక్కుండా ఇవ్వను" అన్నారు.

వాపు తగ్గితే మంచిదేగా అన్నాను. కౌంటర్ దగ్గర జనం ఉన్నా ఓపిగ్గా చెప్పారు. విరిగినచోట నెత్తురు గడ్డకట్టి వాపొస్తుంది, అతుకు పని మొదలయ్యేది ఆ వాపుతోనే. కాక్స్-2 అనే ఎంజైము వల్ల తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఎముక కట్టే కణాలను పనిలోకి దింపుతాయి. ఈ బిళ్లలు ఆ ఎంజైముకే అడ్డుపడతాయి. కాక్స్-2 లేని ఎలుకల్లో ఎముక ఆలస్యంగా అతికిందని 2002లోనే తేలింది. మనుషుల్లో మాత్రం లెక్క ఇంకా తెగలేదు, కొద్దిరోజుల వాడకంతో పెద్ద నష్టం లేదనే వైద్యులూ ఉన్నారట. తుంటి ఆపరేషన్ తర్వాత అక్కర్లేని చోట ఎముక పెరక్కుండా ఇండోమెథాసిన్ ఇస్తారని కూడా ఆయనే చెప్పారు. ఈ జాతి మందే! నాకు విషయం బుర్రకెక్కింది అక్కడే.

అత్తయ్యకి బీపీ ఉందని గుర్తుచేసుకుని, "ఇవి బీపీ పెంచుతాయి, కిడ్నీలకీ మంచిది కాదు" అంటూ తనే డాక్టరుగారికి ఫోన్ చేశారు. డాక్టరుగారు నొప్పొచ్చినప్పుడల్లా కాకుండా పారాసెటమాల్‌నే వేళ ప్రకారం వేయమన్నారు, చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టి వేళ్లు ఆడించమన్నారు. ఆవిడ సణుక్కుంటూనే వేసుకున్నారు, నిద్రైతే పట్టింది.

బండి పెట్టుకోడానికి చోటుండదు, సాయంత్రం నిలబడాల్సిందే. ఒక స్టార్ కోసింది మాత్రం కౌంటర్లో కుర్రాడి వల్ల. పెద్దాయన ఫోన్లో ఉండగానే "ఎముకలు గట్టిపడతాయి మేడం" అని ఏదో పొడి డబ్బా బిల్లులో కలిపేయబోయాడు.