పవర్ స్టీరింగ్ సిలిండర్ లీకేజీ: సీల్ కిట్టా, కొత్త రాడ్డా?

మాది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. వానాకాలం, యాసంగి రెండూ వరే. కరిగెట మొదలైందంటే ట్రాక్టర్ ముందు ఇరుసు వారాల తరబడి బురదలోనే ఉంటుంది. మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత బండి. ఆయిల్ ఒత్తిడితో రాడ్డును తోసి ముందు చక్రాలు తిప్పే పవర్ స్టీరింగ్ సిలిండర్ ఇరుసు మీదే ఉంటుంది, ఒక పక్కకే రాడ్డు వచ్చే రకం. అది కారుతున్నట్టు కొనేనాడే తెలుసు, దాన్ని చూపించే ధర తగ్గించుకున్నాం. మొదట సీల్ కిట్టు, అంటే ఆయిల్ ఆపే రబ్బరు సీళ్ల సెట్టు ఒక్కటే వేయించి నడిపాను. తర్వాత 2021 ఎండాకాలంలో రాడ్డే మార్పించాను. రెండూ వాడాక చెబుతున్న మాట ఇది.

ముందు కిట్టు సంగతి. నారు సిద్ధంగా ఉంది, కాలువకు నీళ్లొచ్చాయి, బండి ఆపే పరిస్థితి లేదు. మెకానిక్ గ్లాండ్ (సిలిండర్‌లోంచి రాడ్డు బయటికి వచ్చే చోట సీళ్లను పట్టి ఉంచే మూత) విప్పి, రాడ్డు మీద గోరు పెట్టి గీకి చూపించాడు. అక్కడక్కడ క్రోమ్ లేచిపోయి చిన్న గుంటలు పడ్డాయి, గోరు తగులుతోంది. "రాడ్డు గిట్ల ఉన్నంక ఎంత మంచి సీలేసినా గంతే అన్నా, ఈ సీజన్ ఎల్లదీస్తది" అన్నాడు. అలాగే జరిగింది. కొత్తలో చుక్క పడలేదు. నాట్లు అయిపోయేసరికి గ్లాండ్ దగ్గర తడి, కోతలకు వడ్లు తోలే నాటికి మళ్లీ ధార. కిట్టు నాసిరకమేమీ కాదు. సీలు పెదవి మెత్తని రబ్బరు, దాని మీద గుంటలు పడ్డ ఇనుము రోజంతా ముందుకీ వెనక్కీ రాసుకుంటే ఏ కంపెనీది అయినా చిరుగుతుంది. పైగా లోపల ఒత్తిడి సుమారు 100 బార్, బండిని బట్టి కొంత అటూ ఇటూ. ముందు టైర్లో మనం కొట్టించే గాలి 2 బార్ చిల్లర. అందుకే వెంట్రుకంత దారి దొరికినా ఆయిల్ ఆగదు.

ఆయిల్ కారితే పోసుకుంటే సరిపోతుంది కదా అనేవాళ్లు మా దిక్కు చాలామంది. నాకు టెన్షన్ పెట్టింది బయటికి పోయే ఆయిల్ కాదు, లోపలికి వచ్చేది. రాడ్డు లోపలికి పోయేటప్పుడు దానికంటిన బురదనీళ్లను గీకేయాల్సింది బయటి వైపు ఉండే వైపర్ సీల్. అది అరిగితే ఆ నీళ్లూ ఇసుకా ఆయిల్‌లో కలుస్తాయి. ట్యాంకు మూత తీస్తే ఆయిల్ మజ్జిగలా తెల్లబడి కనిపించిందంటే నీళ్లు దిగినట్టే. ఆ ఆయిల్ పంపులోకీ, స్టీరింగ్ కింద ఉండే యూనిట్‌లోకీ పోతుంది. సిలిండర్ కిట్టు వందల్లో పని, ఆ యూనిట్ పోతే వేలల్లో.

అందుకని కోతలు కాగానే సిలిండర్ మొత్తం దింపాం. పాత రాడ్డుకు హైదరాబాద్ పంపి హార్డ్ క్రోమ్ వేయించడం ఒక దారి. కానీ గుంటలు లోతుగా ఉంటే ముందు వాటిని నింపి గ్రైండింగ్ చేయాలి, ఆ తర్వాతే క్రోమ్. ఆ పూత మందం 20, 30 మైక్రాన్ల లెక్కలో ఉంటుంది, అది గుంటలను పూడ్చదు. రెండో దారి రెడీమేడ్ క్రోమ్ రాడ్డు. కావాల్సిన సైజులో కొలిచి కోసిస్తారు, లేత్ మిషన్ మీద చివర్లు తగ్గించి మరలు తీయించుకోవాలి. నేను రెండోదే ఎంచుకున్నాను. లేత్ అతను పాత రాడ్డు పక్కన పెట్టుకుని పొడవు, మరల పిచ్ కొలిచి చేశాడు. సిలిండర్ గొట్టం లోపల గీతలు లేవు, ఉంటే ఈ ఖర్చంతా దండగే. అలాంటప్పుడు కొత్త సిలిండర్ కొనడమే మేలు.

బిగించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. రాడ్డు చివర మరల మీదుగా గ్లాండ్ ఎక్కించే ముందు మెకానిక్ అక్కడ నున్నగా టేపు చుట్టాడు. కొత్త మరల అంచులు కత్తిలా ఉంటాయి, సీలు పెదవి అక్కడే తెగుతుంది, తెగినట్టు కంటికి కనపడదు కూడా. సీలు పెదవి తెరుచుకున్న వైపు ఆయిల్‌కు ఎదురుగా ఉండాలి. తిరగబడితే మొదటి రోజే కారుతుంది. హోస్‌ల దగ్గర రాగి వాషర్లు కొత్తవి వేయించాను. ఆయిల్ పోశాక ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ స్లోలో పెట్టి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పుతూ పోయాం. ట్యాంకులో నురగ ఆగేదాకా తిప్పాలి, మధ్యలో ఆయిల్ తగ్గితే పోయాలి. స్టీరింగ్ కుడికి, ఎడమకు ఒకే లెక్కలో తిరగడం లేదని మా తమ్ముడు కంగారు పడ్డాడు. ఒక పక్కే రాడ్డున్న సిలిండర్‌లో అది మామూలే. రాడ్డున్న వైపు కొంత చోటు రాడ్డే తింటుంది, కాబట్టి ఆ వైపు తక్కువ ఆయిల్‌తో నిండుతుంది.

ఇన్ని సీజన్లయినా గ్లాండ్ దగ్గర దుమ్ము పొడిగానే అంటుకుని ఉంటోంది. మధ్యలో ఒకసారి ఆయిల్ కనిపించింది గానీ, తుడిచి చూస్తే అది పైన హోస్ యూనియన్ నుంచి జారి గ్లాండ్ మీదకు వస్తోంది. డీజిల్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఇంజన్ నడుపుతూ మొదట ఎక్కడ తడి అవుతోందో చూడకుండా సిలిండర్ విప్పమని ఎవరికీ చెప్పను. పికప్ బండ్లలో ఇది ఇంకా కష్టం. ర్యాక్ (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) ఉన్న రకమైతే కారిన ఆయిల్ రబ్బరు బూట్‌లోనే నిలిచిపోతుంది, బూటు నొక్కి చూస్తే గానీ తెలియదు.

స్టీరింగ్ బరువు మాత్రం ఈ పనితో పూర్తిగా తగ్గలేదు. చక్రాలు చివరిదాకా తిరిగి ఆగాక కూడా స్టీరింగ్ కాస్త జారుతోంది. సిలిండర్ లోపల ఆయిల్ ఒక వైపు నుంచి రెండో వైపుకు జారకుండా ఆపే పిస్టన్ సీల్ కొత్తదే కాబట్టి అనుమానం స్టీరింగ్ యూనిట్ మీదే. పాత బండి, ట్రాలీ నిండా వడ్లున్నప్పుడు తప్ప ఇబ్బంది లేదు, అలాగే నడుపుతున్నాను. చివర దాకా తిప్పి అలాగే పట్టుకుని ఇంజన్ రేజ్ చేయొద్దని డ్రైవర్‌కు చెబుతుంటాను. ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌ను వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ ఊరికే కాగుతుంది.

రోజూ చేసేది ఒక్కటే. కరిగెట నుంచి బండి రాగానే బురద ఆరకముందే రాడ్డును నీళ్లతో కడిగి గుడ్డతో తుడవడం. ఆరిన బురద మీదే మర్నాడు స్టీరింగ్ తిప్పితే వైపర్‌కు గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. కొందరు పాత ట్యూబు కోసి రాడ్డుకు తొడుగులా కడతారు, మా బండికీ పాత యజమాని కట్టాడు. దాన్ని తీసేశాను. లోపల తడి బురద నిలిచిపోతుంది, మా పాత రాడ్డు మీద గుంటలు ఎక్కువగా పడ్డది కూడా ఆ తొడుగున్న చోటే.