ఎడిన్‌బరా ఫెస్టివల్‌కి వెళ్తే పొద్దున కచేరీకి వెళ్లండి

ఆగస్టులో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా వెళ్తున్నామని ఎవరైనా అంటే "ఏ ఫెస్టివల్‌కి?" అని అడుగుతాను. మనవాళ్లు చాలామంది ఫ్రింజ్ చూసొచ్చి ఎడిన్‌బరా ఫెస్టివల్ చూశామంటారు. రాయల్ మైల్ అనే వీధిలో కరపత్రాలు పంచేవాళ్లు, గారడీవాళ్లు, ఇరుకు గదుల్లో కామెడీ, అదంతా ఫ్రింజ్. 1947లో పిలుపు లేకుండా వచ్చిన ఎనిమిది నాటక బృందాలతో మొదలైంది. పిలిచి చేసిన పండగ ఎడిన్‌బరా ఇంటర్నేషనల్ ఫెస్టివల్. యుద్ధం ముగిసిన రెండేళ్లకే, రేషన్ కాలంలోనే, వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రానీ, నాజీల వల్ల వియన్నా వదిలి వెళ్లిన కండక్టర్ (ఆర్కెస్ట్రాని నడిపించే ఆయన) బ్రూనో వాల్టర్‌నీ మళ్లీ ఒక వేదిక మీద కలిపింది. నేను రాసేది దీని గురించి, అదీ సంగీతం వరకే.

మేం ఉండేది గ్లాస్గోలో. నాది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో వయొలిన్ పట్టుకున్నానని గొప్పలు పోతాను గానీ వర్ణాలు దాటలేదు. మా మామయ్యగారు మాత్రం నిజంగా చెవి ఉన్న మనిషి. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు వెంట తీసుకెళ్లాం.

పెద్ద ఆర్కెస్ట్రాలు సాయంత్రాలు అషర్ హాల్‌లో వాయిస్తాయి. ఆండ్రూ అషర్ అనే విస్కీ వ్యాపారి ఇచ్చిన లక్ష పౌండ్లతో కట్టి 1914లో తెరిచారు. డబ్బు పోసి కింద ముందు వరసలు కొనక్కర్లేదు, పై బాల్కనీలోనే శబ్దం నిండుగా వినిపిస్తుంది. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఎక్కించకండి. కోరస్ లేని రోజుల్లో ఆర్కెస్ట్రా వెనక ఆర్గన్ గ్యాలరీ సీట్లు అమ్ముతారు. అక్కడ కూర్చుంటే కండక్టర్ ముఖం ఎదురుగా కనిపిస్తుంది. ఎవరికి కన్నెర్ర చేశాడో, ఎవరిని మెచ్చుకున్నాడో అంతా తెలిసిపోతుంది. నాకు ఆ సరదా ఎక్కువ.

2022లో నికోలా బెనెడెట్టి ఫెస్టివల్ డైరెక్టర్‌గా వచ్చారు. ఆవిడ స్వయంగా పేరున్న వయొలినిస్ట్. ఆ పదవిలో మొదటి మహిళ, మొదటి స్కాట్ కూడా. మరుసటి ఏడాది కండక్టర్ ఇవాన్ ఫిషర్ నడిపే బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రా వచ్చినప్పుడు ఒక కచేరీకి కింది కుర్చీలు తీసేసి, బీన్ బ్యాగులు వేసి, జనాన్ని వాయిద్యాల మధ్యే కూర్చోబెట్టారు. పేపర్లన్నీ వింతగా రాశాయి. జంపఖానా మీద కూర్చుని కచేరీలు విన్న మనకి అందులో వింతేముంది!

అయినా నా ఓటు క్వీన్స్ హాల్‌కే. 1823లో కట్టిన చర్చి, 1979 నుంచి కచేరీ హాలు. ఫెస్టివల్ రోజుల్లో పొద్దున పదకొండింటికి అక్కడ క్వార్టెట్లు (నలుగురు కలిసి వాయించేవి), పియానో, గాత్రం ఉంటాయి. విల్లు తీగని తాకే ముందు వాయించేవాళ్లు తీసుకునే ఊపిరి కూడా వినపడేంత దగ్గర. బీబీసీ రేడియో 3 వాళ్లు ఏళ్లుగా ఇక్కడి కచేరీలు ప్రసారం చేస్తున్నారు, కాబట్టి జనం దగ్గు కూడా దాచుకుని మూవ్‌మెంట్ (కృతిలో ఒక భాగం) అయ్యాకే దగ్గుతారు. చప్పట్లు మాత్రం అప్పుడు కూడా కొట్టరు, మొత్తం అయ్యాకే. మామయ్యగారు తొడ మీద తాళం వేయబోతే పక్కనున్న పెద్దావిడ ఒకసారి చూసింది. ఆయన నావైపు వంగి, "ఇదేటమ్మా, బాగుందనడానికి కూడా టైమింగ్సేనా?" అన్నారు. చివర్లో అందరికంటే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది మాత్రం ఆవిడే.

బయటికొచ్చాక, 1963లో ఇదే ఫెస్టివల్‌లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడారని, బాలసరస్వతి గారు నాట్యం చేశారని చెప్పాను. "అప్పుడేం చేశారో వీళ్లు, చప్పట్లు కొట్టకుండా!" అని ఆయన బెంగ. దగ్గర్లోనే నికల్సన్ స్క్వేర్‌లో మాస్క్ కిచెన్ (మాస్క్ అంటే మసీదు) అనే భోజనశాల ఉంది. వేడిగా అన్నం, పప్పు దొరికేసరికి ఆ బెంగ తీరింది.

టికెట్ల మీద నాకు ఫిర్యాదు లేదు, పది పౌండ్లవి కూడా పెడుతున్నారు. వసతే దోపిడీ. ఒక హోటల్‌వాళ్లు మామూలు రోజుల్లో అడిగేదానికి దాదాపు మూడింతలు చెప్పారు, అదీ కిటికీ కూడా లేని గదికి. మేం అయితే గ్లాస్గో నుంచి రైల్లో వెళ్లొచ్చేస్తాం, గంటలోపే ప్రయాణం. మీరూ గ్లాస్గోలో బస చేయడమే మేలు. అషర్ హాల్‌కైతే ఎడిన్‌బరా పెద్ద స్టేషన్ వేవర్లీ దాకా పోకుండా ఒక స్టేషన్ ముందు, హేమార్కెట్‌లో దిగితే నడక తగ్గుతుంది. ఆగస్టు అని స్వెటర్ ఇంట్లో వదిలేయకండి. ఆ గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్ కోటే కొనుక్కోండి.

క్వీన్స్ హాల్‌లో చెక్క బల్లలు గట్టిగా ఉంటాయి, శాలువా మడత పెట్టుకుని కూర్చోవచ్చు. కొన్ని చోట్ల స్తంభాలు అడ్డొస్తాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు 'రెస్ట్రిక్టెడ్ వ్యూ' అని ఉందేమో చూసుకోండి. స్తంభం వెనకైనా ఫరవాలేదనిపించే కచేరీలు ఉంటాయి గానీ, పెద్దవాళ్లని తీసుకెళ్తే మాత్రం మధ్య సీట్లే తీసుకోండి.