పాత ఓక్ నేలకు రెండు రకాల పూతలు: కొన్నేళ్ల వాడకం తరువాత సమీక్ష

న్యూజెర్సీలో మేము కొన్న ఇల్లు 1950ల నాటిది. తివాచీ తీయించినప్పుడు దాని అడుగున రెండుంపావు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం గల రెడ్ ఓక్ పట్టీల నేల బయటపడింది. దానిని అరగదీయించి, హాలుకు రెండు భాగాలు కలిపి వేసే నీటి ఆధారిత పాలియురేథేన్ (చెక్కను కాపాడే పారదర్శక పూత), పడకగదులకు నూనె ఆధారిత పాలియురేథేన్ వేయించాము. రెండూ శాటిన్ (తక్కువ మెరుపు) రకమే కనుక, ఒకే ఇంట్లో ఏది ఎలా నిలిచిందో పోల్చి చెప్పగలుగుతున్నాను.

పూత కంటే ముందు అరగదీత గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుకీ నా కంటికి ఆనే లోపాలు అక్కడివే. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగులు వాడడాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందరి ఇంట్లో పాత పూతను పరీక్షించకుండా దుమ్ము లేపకూడదు. పరీక్ష అయ్యాక పనివారు 36తో మొదలుపెట్టి 60, 80, 100 నంబరు ఉప్పుకాగితాలతో వరుసగా పట్టారు. గది మధ్యభాగం అద్దంలా వచ్చింది గానీ, గోడల వెంట వాడే చిన్న గుండ్రటి యంత్రపు సుడి గీతలను వారు పూర్తిగా తీయలేదు. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో అవి ఇప్పటికీ కనిపిస్తాయి. పూత వేసేముందే నేలకు దాదాపు సమాంతరంగా దీపం పట్టి చూపించమని అడగడం మంచిది.

నీటి ఆధారిత పూత కొన్ని గంటల్లోనే ఆరింది, వాసన త్వరగా పోయింది, రంగు దాదాపు మారలేదు. అయితే రెడ్ ఓక్‌లోని లేత గులాబీ ఛాయ అలాగే ఉండిపోతుంది. అది నచ్చనివారు ముందే ఆలోచించుకోవాలి. నూనె ఆధారిత పూత ఒక్కొక్క పొర ఆరడానికి దాదాపు రోజు పట్టింది, వాసన చాలాకాలం వదలలేదు. తేనెరంగు మాత్రం నిజంగా అందంగా ఉంది, కానీ అది ఏటేటా ముదురుతూనే ఉంటుంది. మంచం జరిపినప్పుడు, చాప ఎత్తినప్పుడు వెలుతురు తగలని చోటు వేరే రంగులో తేలుతుంది.

మా ఇంట్లో చెప్పులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి కనుక, రెండు పూతలకూ గీతలు తక్కువే పడ్డాయి. పడినవి కుర్చీ కాళ్లవి. వరలక్ష్మీ వ్రతం నాడు ఒలికిన నూనె, కుంకుమ తడిగుడ్డకే పోయాయి. పసుపునీళ్లు రాత్రంతా నిలిచినచోట హాలులో పచ్చని మరక పడింది గానీ, కిటికీ ఎండకు క్రమంగా వెలిసిపోయింది. తివాచీ కింద నుంచే ఉన్న నల్లటి మచ్చలు వేరు. ఓక్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం, నీరు, ఇనుము కలిసి చేసే ఆ నలుపు ఆక్సాలిక్ ఆమ్లంతో చాలావరకు తేలికపడింది, పూర్తిగా పోలేదు.

చలికాలంలో హీటర్ వేయగానే పట్టీల మధ్య సందులు తెరుచుకుంటాయి, వేసవి తేమకు మూసుకుంటాయి. దీన్ని ఏ పూతా ఆపదు. సందుల్లో పూరకం పెట్టిస్తే అది పట్టీల కదలికకు పగిలి ఊడుతుంది కనుక మేము పెట్టించలేదు. ఆవిరి మాపు, మైనం, నూనె సబ్బు కూడా ఇంట్లోకి రానివ్వలేదు. మైనం, నూనెల పొర మీద కొత్త పూత అంటుకోదు.

ఇప్పుడు హాలులో వంటింటి వైపు నడిచే దారిలో మెరుపు తగ్గుతున్నది, చెక్క ఇంకా బయటపడలేదు. ఈ దశలో పైపొరను తేలికగా గరుకుచేసి మరో పూత వేస్తే సరిపోతుంది. చెక్క కనిపించేదాకా ఆగితే మళ్లీ మొత్తం అరగదీయాలి, కానీ పట్టీ నాలుకకు, అంటే పక్క పట్టీ గాడిలో దూరే అంచుకు, పైన అరగదీయడానికి ఉన్న చెక్క దాదాపు పావు అంగుళమే. అందుకే వచ్చే వేసవిలో హాలు మొత్తానికి అదే నీటి ఆధారిత పూత మరో పొర వేయిస్తున్నాము. పడకగదుల జోలికి ఇప్పట్లో వెళ్లము.