ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్: అంతా బాగానే ఉంది, ఆ ఫ్యాన్ ఒక్కటి తప్ప

ఆంప్స్, బరువు, వారంటీ డబ్బా మీదే ఉంటాయి, అవి మళ్లీ రాయను. ఈ మిషన్‌లో నన్ను ఏడిపించింది ఫ్యాన్. దాని గురించే నా బాధంతా.

నాది 2004 మోడల్ టాటా 207. నాన్న వడ్ల బస్తాలు తోలిన బండి. పాత ఇనుము వాడికి అమ్మబుద్ధి కాక, ఇంటి వెనక షెడ్డు కట్టుకుంటూ ఆదివారాలు బాగు చేసుకుంటున్నా. షెడ్డు ట్రస్సులు, బెంచీ, బండి వెనక తొట్టి అడుగు రేకు అన్నీ ఈ మిషన్‌తో అతికినవే. ఇంటి సింగిల్ ఫేజ్, 15 ఆంప్స్ సాకెట్టు. సాయంత్రం చుట్టుపక్కల బోర్లు ఆడి వోల్టేజీ పడిపోయినా ఆర్క్ (రాడ్డు కొసన ఇనుమును కరిగించే మంట) పట్టేది. పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్టుకైతే ఆ కరెంటులో రాడ్డు అంటుకుపోయి ఊడేది కాదు. డబ్బా మీది 200 ఆంప్స్ నమ్మకండి. అంత ఆర్క్‌కు ఐదున్నర కిలోవాట్లు కావాలి, ఆ సాకెట్టు మూడున్నరకు మించి ఇవ్వదు. అయితే 2.5 ఎంఎం రాడ్డుకు 80 ఆంప్స్ సరిపోతాయి కాబట్టి నాకు పని ఆగలేదు.

మొదట్లో ఫ్యాన్‌నే పొగిడేవాణ్ణి. మే నెలలో, రేకుల షెడ్డులో, ఎంతసేపు కాల్చినా వేడెక్కి ఆగేది కాదు. అంత గాలి లాగుతోంది మరి.

క్యాబిన్ అడుగున తుప్పు కోసి కొత్త రేకు వేస్తుండగా ఒకరోజు టప్ మంది, ఎంసీబీ పడిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పడింది. సర్వీస్ సెంటర్‌లో కవర్ కూడా సరిగా చూడకుండా బోర్డు మార్చాలన్నారు. చెప్పిన రేటు కొత్త మిషన్‌లో సగం. ఒళ్లు మండి వెనక్కి తెచ్చుకున్నా. 207 సామాన్లకు ఎలాగూ విజయవాడ ఆటోనగర్ వెళ్తుంటాను, అక్కడే వెల్డింగ్ బోర్డులు బాగు చేసే ఒకాయన దగ్గర పెట్టాను. ఆయన కవర్ విప్పగానే నవ్వాడు. "ఏం సార్, గ్రైండర్ పక్కనే పెట్టి ఆడిస్తున్నారా?" బోర్డు మీద బూజు పట్టినట్టు నల్లటి పొడి. అయస్కాంతం పెడితే మొత్తం దానికి అంటుకుంది. గ్రైండర్ నుంచి లేచే ఇనుప పొడిని ఫ్యాన్ వెనక నుంచి లాగి బోర్డు మీద పరుస్తోంది. దాని గుండా కరెంటు పారి ఐజీబీటీలు, అంటే బోర్డు మీద కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసే స్విచ్చుల్లాంటి భాగాలు, పేలిపోయాయి. వాటిని మార్చి, బోర్డుకు ఇన్సులేషన్ వార్నిష్ పూసి ఇచ్చాడు. సర్వీస్ సెంటర్ చెప్పినదాంతో పోలిస్తే చాలా తక్కువే అయింది.

నాకు కోపం దేనికంటే, వెల్డింగ్ చేసేవాడి చేతిలో గ్రైండర్ ఉండదా? మాన్యువల్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. గాలి లోపలికి వెళ్లేచోట దోమతెర గుడ్డ కట్టి చూశా. గాలాడక పసుపు లైటు వెలిగి ఆగిపోయింది. చివరికి షెడ్డు గోడకు బెజ్జం కొట్టి, మిషన్‌ను అవతల చిన్న చూరు కింద పెట్టి, పొడుగు రాగి కేబుళ్లు లోపలికి లాక్కున్నా. ఇప్పుడు పొడి బాధ లేదు. ఆంప్స్ మార్చాలంటే మాత్రం ప్రతిసారీ గోడ చుట్టూ తిరిగి రావాలి.

ఇంకో మాట. "దేన్నైనా అతుకుతుంది" అని తెలిసినవాళ్లందరికీ చెప్పాను, అందులో కాస్త తగ్గించుకోవాలి. తొట్టి రేకుకు, యాంగిల్స్‌కు బ్రహ్మాండం. తలుపు కింద అంచు రేకు ఒక ఎంఎం కూడా ఉండదు. 2 ఎంఎం రాడ్డు పెట్టి, వెనక రాగి పట్టీ ఆనించి, చుక్కలు చుక్కలుగా వేసినా బొక్కలే. తలుపులు గ్యాస్ వెల్డింగ్ టింకరింగ్‌కే ఇచ్చేశా.

మళ్లీ కొంటానా? నాలా ఉద్యోగం చేసుకుంటూ, ఊరి చివర స్థలం ఉండి, తొందర లేనివాళ్లకైతే ఈ డబ్బుకు పరవాలేదు. దీని మీదే షాపు నడపాలనుకునేవాళ్లకు నేను చెప్పలేను. కొనేటప్పుడు మాత్రం ఫ్యాన్ గాలి ఎటు నుంచి లాగుతుందో చూడండి, శుభ్రం చేయడానికి కవర్ విప్పితే వారంటీ పోతుందేమో బిల్లు కట్టకముందే అడగండి.