ఎం.ఎల్.సి. సేవ: కంట్రీ పాట రాసినవాళ్లకు స్ట్రీమింగ్ డబ్బు ఎంతవరకు చేరుతుంది?

అమెరికాలో కంట్రీ (అక్కడి పల్లె బాణీ సంగీతం) పాట ఎఫ్.ఎం. రేడియోలో ఎన్నిసార్లు మోగినా, పాడినవాళ్లకు ఆ ప్రసారం మీద చిల్లిగవ్వ రాదు. రాసినవాళ్లకు, పబ్లిషర్‌కు (రచన హక్కులు చూసుకునే సంస్థకు) మాత్రమే వస్తుంది. కంట్రీకి కేంద్రమైన నాష్‌విల్‌లో పేరున్న గాయకులు పాట రాసే గదిలోనూ కూర్చోవడానికి ఇదొక పెద్ద కారణం. 1974లో విడుదలైన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పబ్లిషింగ్‌లో సగం వాటా ఇస్తేనే ఎల్విస్ ప్రెస్లీ పాడతాడని అతని మేనేజర్ పట్టుబడితే, ఆ పాట రాసి పాడిన డాలీ పార్టన్ ఒప్పుకోలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడినప్పుడు రచయిత వాటా, పబ్లిషర్ వాటా రెండూ డాలీ వైపే వచ్చాయి.

ఇప్పుడు ఆ రచన హక్కులో ఒక భాగాన్ని వసూలు చేసి పంచేది నాష్‌విల్‌లోనే ఉన్న మెకానికల్ లైసెన్సింగ్ కలెక్టివ్, అంటే ఎం.ఎల్.సి. 2018 నాటి మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం కింద ఏర్పడి, 2021 జనవరి 1 నుంచి లైసెన్సులు ఇస్తోంది. స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్ లాంటి సర్వీసుల నుంచి అమెరికాలో జరిగిన స్ట్రీమ్‌లకు, డౌన్‌లోడ్‌లకు మెకానికల్ రాయల్టీ (పాటను కాపీ చేసి అందించినందుకు రచనకు రావలసిన డబ్బు) తీసుకుని నెలనెలా చెల్లిస్తుంది. చేరడానికి ఫీజు లేదు, రాయల్టీలో కమిషన్ కోత లేదు. ఆఫీసు ఖర్చు ఆ సర్వీసులే భరించాలని చట్టంలోనే ఉంది. రచయితలకు అందే సేవల్లో ఇంత ఉదారమైన ఏర్పాటు అరుదు.

చేరే ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి: మీ పాటలకు పబ్లిషర్ గానీ, పబ్లిషింగ్ అడ్మినిస్ట్రేటర్ (మీ తరఫున నమోదు, వసూలు చూసే సంస్థ) గానీ ఉన్నారా? ఉంటే నమోదు, వసూలు వాళ్ల పని. మీరు విడిగా అదే వాటా ఎక్కిస్తే ఒకే పాట మీద రెండు క్లెయిములు పడి, గొడవ తేలేదాకా డబ్బు ఆగిపోతుంది. హక్కులు మీ చేతిలోనే ఉంటే మాత్రం స్వయంగా సభ్యత్వం తీసుకోవాలి.

నమోదుకు మూడు నంబర్లు దగ్గర పెట్టుకోండి. రచయితను గుర్తించేది ఐ.పి.ఐ. నంబరు, పాట ప్రసారం, ప్రదర్శన డబ్బు వసూలు చేసే బి.ఎం.ఐ. లేదా ఆస్కాప్ సంస్థలో చేరినప్పుడు వస్తుంది. రచనకు ఉండేది ఐ.ఎస్.డబ్ల్యు.సి. నంబరు. రికార్డింగుకు 12 అక్షరాల ఐ.ఎస్.ఆర్.సి.; దాన్ని పాటను స్ట్రీమింగ్ సర్వీసులకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గర అడిగి తీసుకోవాలి. చాలామంది ఈ చివరి దాన్ని వదిలేస్తారు. అప్పుడు స్ట్రీమింగ్ సర్వీసు పంపిన లెక్కలోని రికార్డింగుకు, మీరు ఎక్కించిన రచనకు ముడి పడదు. ఒకే పేరుతో డజను పాటలుండే కంట్రీలో ఇది మామూలు కష్టం కాదు. స్టూడియో వెర్షన్, లైవ్ వెర్షన్, అకూస్టిక్ వెర్షన్‌లకు వేర్వేరు ఐ.ఎస్.ఆర్.సి.లు ఉంటాయి, అన్నీ ఆ ఒక్క రచన కిందికే చేరాలి. పోర్టల్‌లోని మ్యాచింగ్ టూల్‌తో జత కుదరని రికార్డింగులను వెతికి మీ పాటకు కలపవచ్చు. ఈ సేవలో బాగా పనికొచ్చే భాగం ఇదే, దీనికి ఒక పూట కేటాయించినా దండగ కాదు.

అసలు చిక్కు వాటాల దగ్గర వస్తుంది. నాష్‌విల్‌లో ముగ్గురు కలిసి రాయడం రివాజు, గదిలో ఉన్నవాళ్లందరికీ సమాన వాటా అన్నది అక్కడి అలవాటు. ముగ్గురికి పంచితే 33.33 చొప్పున 99.99 అవుతుంది. మిగిలిన 0.01 ఎవరిదో ముందే తేల్చుకుని, ముగ్గురూ సంతకం చేసిన షేర్ల కాగితం దాచుకోండి. మొత్తం 100 దాటితే వివాదం. తక్కువైతే ఆ మిగతా వాటా ఎవరూ అడగని డబ్బుగా పడి ఉంటుంది. అలాంటి డబ్బును కనీసం మూడేళ్లు ఉంచి, ఆ తర్వాత మార్కెట్ వాటా ప్రకారం పబ్లిషర్లకు పంచేయవచ్చని చట్టం చెబుతోంది. అంటే పేరు నమోదు కాని రచయిత సొమ్ములో పెద్ద భాగం పెద్ద పబ్లిషర్ల ఖాతాలోకి పోతుంది. ఈ ఏర్పాటు న్యాయంగా లేదు. పైగా ఎం.ఎల్.సి. బోర్డులో ఓటున్న 14 మందిలో పబ్లిషర్లు 10 మంది, రచయితలు నలుగురే. 2021 ఫిబ్రవరిలో సర్వీసులు పాత బకాయిగా అప్పగించిన జత కుదరని రాయల్టీయే సుమారు 42.4 కోట్ల డాలర్లు.

పోరాడాల్సిన చోట మాత్రం ఎం.ఎల్.సి. వెనక్కి తగ్గలేదు. ఆడియోబుక్స్ కలిపి ప్రీమియంను ‘బండిల్’గా (ఒకే ధరకు కలిపి ఇచ్చే ప్యాకేజీగా) చూపి స్పాటిఫై రాయల్టీ తగ్గించినప్పుడు, 2024 మేలో దావా వేసింది. 2025 జనవరిలో జడ్జి దాన్ని కొట్టేశారు.

ఎం.ఎల్.సి. ఒక్కటే చాలనుకోవద్దు. రేడియో, వేదికల పబ్లిక్ పెర్ఫార్మెన్స్ డబ్బు బి.ఎం.ఐ., ఆస్కాప్, సీసాక్ నుంచి వస్తుంది. శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోలో రికార్డింగుకు వచ్చేది సౌండ్‌ఎక్స్చేంజ్ పంచుతుంది: హక్కుదారుకు 50 శాతం, ప్రధాన గాయకులకు 45, వెనక వాయించిన, పాడినవాళ్లకు 5. సీడీ, వినైల్ మెకానికల్ లేబుల్ దగ్గర తీసుకోవాలి. 2006 నుంచి పాటకు 9.1 సెంట్లే ఉన్న ఆ రేటు 2023లో 12 సెంట్లకు పెరిగింది. కచేరీ స్టాల్‌లో సొంతంగా వినైల్ అమ్మే కళాకారులు తోటి రచయితల వాటా తామే లెక్కగట్టి ఇవ్వాలి, దీన్ని ఎం.ఎల్.సి. పట్టించుకోదు.