ట్రయల్ సహాయ కేంద్రానికి ఐదింటికి మూడు మార్కులు

హైదరాబాదులోని ఒక ఆసుపత్రి, రక్త క్యాన్సర్ ట్రయల్స్‌లో, అంటే కొత్త మందులను రోగులపై పరీక్షించే అధ్యయనాల్లో, చేరదలచినవారి కోసం సహాయ కేంద్రం నడుపుతోంది. ఎముకలను గుల్లచేసే రక్త క్యాన్సర్, మల్టిపుల్ మైలోమా, వచ్చిన మా పెద్దనాయనను వెంటబెట్టుకొని నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి అక్కడికి నాలుగుసార్లు వెళ్లాను.

మెచ్చుకోవలసినది సమ్మతి తీసుకున్న తీరు. ట్రయల్స్‌పై కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2019 నాటి నియమావళి ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలోనే సమ్మతి తీసుకోవాలి, చదువు రానివారైతే మొదటి నుంచి చివరి వరకు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. రెండూ పాటించారు. అయితే పత్రంలోని తెలుగు మా పెద్దనాయనకు ఇంగ్లీషంత దూరంగానే ఉంది. ‘యాదృచ్ఛిక కేటాయింపు’ దగ్గర ఆయన తెల్లమొహం వేస్తే, కోఆర్డినేటరమ్మ కాగితం పక్కన పెట్టి, ‘‘చిట్టీలు ఏసినట్టే పెద్దనాయనా. నీకు ఏ మందు రావాల్నో డాక్టరు సారు చేతుల ఉండది, కంప్యూటర్ తీస్తది’’ అన్నది. మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆగదని, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా చికిత్స చేయాలని మేము అడగకముందే చెప్పింది. ట్రయల్స్ నమోదయ్యే జాతీయ రిజిస్ట్రీలో దీని నంబరు కూడా రాసిచ్చింది. 2009 జూన్ నుంచి మన దేశంలో ఈ నమోదు తప్పనిసరి.

మార్కులు పోయింది అర్హత పరీక్షల దగ్గర. మా వైపు నడుం నొప్పి, ఎముకల నొప్పి అంటే ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యమే అనుకుంటారు. పెద్దనాయన కూడా రెండేళ్లు అదే అనుకొని నొప్పి గోలీలు మింగాడు. మైలోమా అసలే మూత్రపిండాలను దెబ్బతీసే జబ్బు, దానికి ఆ గోలీలు తోడయ్యాయి. పరీక్ష చేసేసరికి, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో రక్తంలో చూపే క్రియాటినిన్, ట్రయల్ పెట్టిన హద్దు దాటింది. హద్దు రోగి క్షేమం కోసమే, కాదనను. కానీ జబ్బు ఆలస్యంగా బయటపడే పల్లెవాళ్లే దానివల్ల ఎక్కువగా బయట మిగిలిపోతారు. ఇలాంటి హద్దులు అవసరమున్నవారినే బయట ఉంచడం వేరేచోటా ఉంది. అమెరికాలో మైలోమా తెల్లవారికంటే నల్లజాతివారికి సుమారు రెండింతలు ఎక్కువగా వస్తుంది. ఆఫ్రికా మూలాలున్న ఎందరికో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు పుట్టుకతోనే తక్కువగా ఉండటంతో, ఏ లోపమూ లేకుండానే, ఆ కణాలకు కనీస సంఖ్య పెట్టిన అక్కడి కొన్ని ట్రయల్స్ గడప దాటలేరు.

మామూలు చికిత్స మొదలుపెట్టాక మళ్లీ పరీక్షిస్తామన్నారు, మంచిదే. ఆ ఒక్క రక్తపరీక్ష నల్లగొండలో చేయించి పంపుతామంటే మాత్రం ఒప్పుకోలేదు. మాల్ అనే ఊరి దాకా ఆటో, అక్కడి నుంచి ఎంజీబీఎస్ బస్సు, వెన్నుపూస విరిగిన మనిషితో. దారిఖర్చు ట్రయల్‌లో చేరినవారికే ఇస్తారట, పరీక్షల దశలో ఉన్నవారికి కాదట. నాలుగోసారి వెళ్లేటప్పటికి క్రియాటినిన్ దిగింది, ట్రయల్‌లో చేరికలు ముగిశాయి. ఆ సంగతి ఫోన్‌లో చెప్పి ఉంటే ఒక ప్రయాణం తప్పేది.

వెళ్లదలచినవారు పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. చేరికలు ఇంకా తెరిచి ఉన్నాయా, దారిఖర్చు ఏ రోజు నుంచి ఇస్తారు అన్నవి బస్సెక్కకముందే అడగండి.